ఐదో రూపం

ఫిబ్రవరి 5

మెయిల్ రూలు ఈ రోజు సిస్టంలోకి ఎక్కింది. పదకొండు రోజులు పట్టింది.

ల్యాబ్ నుంచి, తూకం గది నుంచి, గోదాముల నుంచి బయలుదేరే ఏ మెయిల్లోనైనా బ్యాచ్ అనో తూకం అనో మాట కనబడితే దాని నకలు ఒకటి ల్యాబ్ పెద్దాయన మెయిల్ ట్రేలో పడుతుంది. ఒక్కటే మినహాయింపు, ఫిర్యాదుల పెట్టె. దానికి ఎవరు ఏం రాసుకున్నా నకలు తీయకూడదు. మందుల కంపెనీ కాబట్టి అలాంటి పెట్టె ఒకటి ఉండి తీరాలని నియమం. ఆ మినహాయింపు రాసింది నేను.

బయటి వాళ్ళు ఇదంతా తేలిక అనుకుంటారు. పెట్టె ఒకటే గాని, దాని అడ్రస్‌ని చుక్క పెట్టి రాసేవాళ్ళున్నారు, చుక్క లేకుండా రాసేవాళ్ళున్నారు. కొన్ని ఫోన్లు ముందు పేరు వేసి అడ్రస్‌ని బ్రాకెట్లలో పెడతాయి. రెండు కంపెనీలు కలవకముందు నుంచీ ఉన్నవాళ్ళు ఇంకా పాత కంపెనీ పేరుతోనే పంపుతారు. అలా నాలుగు రూపాలు. నాలుగూ రాశాను, నాలుగూ పరీక్షించాను.

మా పై అధికారి చుక్కల సార్ మెచ్చుకున్నాడు. అడ్రస్ కనబడితే చాలు, ముందు చుక్కలు లెక్కపెడతాడు కాబట్టి ఆ పేరు. "మనిషి ఒకడే, వేషాలు నాలుగు. ఒక్క వేషం వదిలేశావంటే మనిషినే వదిలేసినట్టు," అన్నాడు. ఆయన ప్రతి రూలుకీ ఇదే మాట అంటాడు. అయినా సంతోషం వేసింది.

ఇక నుంచి వారానికి ఇరవై నకళ్ళు మాలో ఒక్కొక్కరి తెర మీదికి వస్తాయి. చదివి, "రూలు సరిగ్గా పట్టిందా?" అన్న ప్రశ్న కింద అవునో కాదో నొక్కాలి. అంతే పని.

ఈ డైరీ కాగితం మీద ఎందుకు రాస్తున్నావని మా ఆవిడ అడిగింది. వంటవాడు హోటల్లో తినడని చెప్పాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

అక్క వాళ్ళింట్లో భోజనం. బావ ఊళ్ళో లేడు. మేనకోడలు పరీక్షలకి చదువుకుంటోంది. అక్క తన యూనిఫాం ఇస్త్రీ చేస్తూ మాట్లాడింది. కాలర్ మీదే పది నిమిషాలు రుద్దింది. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

"తూకం తక్కువొచ్చిన బ్యాచ్‌ని మళ్ళీ తూచినట్టు రాసేయమంటున్నార్రా. తూచకుండానే."

"ఎన్ని?"

"ఇప్పటికి మూడు. పసిపిల్లలు తాగే మందది. కింద సంతకం నాది."

పదిహేడేళ్ళుగా అక్క మా కంపెనీ తూకం గదిలో తూస్తోంది. ఇంట్లో చక్కెర వేసినా చెంచాని ఒకసారి కళ్ళకెదురుగా పెట్టి చూసుకుంటుంది. అలాంటి మనిషి చేత అబద్ధం రాయిస్తున్నారు.

"ఆ ఫిర్యాదుల పెట్టెకి రాస్తే నిజంగా ఎవరికీ తెలియదా?" అని అడిగింది.

"ఆ గోడ కట్టింది నేనేనక్కా. చీమ కూడా దూరదు."

అది నిజం. అక్కకి ఒక వేలితో తప్ప టైపు చేయడం రాదు. చేత్తో కొడితే అక్షరం తప్పుతుంది, అడ్రస్ పుస్తకంలోంచి ఎంచుకో అని చెప్పి, ఆవిడ ఫోన్‌లోనే ఎలా ఎంచుకోవాలో చూపించాను. రెండు సార్లు తనే చేసి చూసుకుంది. కళ్ళజోడు తీసి, "నువ్వు ఆ ఆఫీసులో ఉండబట్టి ధైర్యంరా చిన్నోడా," అంది. నలభై ఒక్కేళ్ళు వచ్చినా అక్కకి నేను చిన్నోణ్ణే.

ఫిబ్రవరి 13

అక్క పంపిందట. ఫోన్ చేసి "అయిపోయింది" అని మాత్రం చెప్పింది. హాయిగా నిద్రపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 20

ల్యాబ్ పెద్దాయన అక్కని తన గదిలోకి పిలిచాడు. కాగితం ఏదీ చూపించలేదట. మాటల మధ్యలో, "పసిపిల్లలు తాగేది, నా చేతికి వణుకు వస్తోంది, అంతేనా అమ్మా?" అన్నాడట. అది అక్క రాసిన వాక్యం. ఒక్క అక్షరం తేడా లేదు.

అక్కని లేబుళ్ళ గోదాముకి మార్చారు. ఏప్రిల్ నెలాఖరుతో ఒప్పందం ముగుస్తుందనీ, మళ్ళీ రాసుకోబోమనీ చెప్పారు. పదిహేడేళ్ళకి ఒక్క పేజీ.

నాలుగు రూపాలూ మళ్ళీ తీసి చూశాను. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్ నుంచి వెళ్ళే అవకాశమే లేదు. ఎవరో నోటితో చెప్పి ఉండాలి.

సాయంత్రం వెళ్ళాను. అక్క ఏడవడం లేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఇంకెవరికైనా చెప్పావా అక్కా?" అని అడిగాను.

"పంపే ముందు దానికి చదివి వినిపించాను," అంది.

దానికి అంటే మూతలావిడకి. సీసాలకి మూతలు బిగించే సెక్షన్లో పనిచేస్తుంది. ఇరవై ఏళ్ళ స్నేహం. ఊరందరి మూతలూ బిగిస్తుంది గాని తన నోటికి మాత్రం మూత లేదని కంపెనీలో పాత హాస్యం.

నేను ఏమీ అనలేదు. అడిగానంతే. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నేను అడిగానంతే.

ఫిబ్రవరి 24

క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర మూతలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోకుండా తన సంచి పెట్టుకుంది. అక్క గోదాములోనే తిన్నదట.

మార్చి 4

నా ఫోన్‌లో ల్యాబ్ పరీక్ష ఖాతా తెరిచి, బ్యాచ్ అన్న మాట పెట్టి, ఫిర్యాదుల పెట్టెకి నాలుగు పరీక్ష మెయిళ్ళు పంపాను. చుక్కతో, చుక్క లేకుండా, బ్రాకెట్లతో, పాత కంపెనీ పేరుతో. ఒక్కటీ ట్రేలో పడలేదు. చెప్పానుగా.

అడ్రస్ పుస్తకంలోంచి ఎంచుకుని పంపి చూడలేదు. సమయం లేకపోయింది.

మార్చి 5

సమయం ఉంది. చూడలేదు.

మార్చి 7

చూశాను.

పడింది. ట్రేలో, అన్నిటికన్నా పైన.

పుస్తకంలోంచి ఎంచుకుంటే ఆ అడ్రస్ అసలు అడ్రస్‌లాగే ఉండదు. మధ్యలో @ గుర్తు లేదు, చుక్క లేదు. కంపెనీ, గీత, విభాగం, గీత, పెట్టె, అలా పోతుంది. మెయిల్ మా భవనం దాటి బయటికి వెళ్తేనే మామూలు రూపానికి మారుతుంది. లోపలి నుంచి లోపలికే అయితే మారదు. ఇంట్లో వాళ్ళని ఎవరూ ఇంటిపేరు పెట్టి పిలవరు కదా, అలాంటిది. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తూ, బయటి వాడు లోపలికి ఎన్ని వేషాల్లో వస్తాడో లెక్కపెట్టాను గాని, ఇంట్లో మనిషి ఇంట్లో మనిషిని ఎలా పిలుస్తాడో చూడలేదు.

రూలుకి అది ఫిర్యాదుల పెట్టె అని తెలియదు. తెలియదు కాబట్టి నకలు తీసింది. రూలు తప్పేమీ లేదు.

ఈ నెల రోజుల్లో అలా పట్టుబడినవాళ్ళు ఏడుగురు. ఆరో పేరు అక్కది. ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1:10. భోజనం మానుకుని పంపి ఉంటుంది.

మార్చి 8

మార్పు కోరుతూ ఫారం నింపాలి. ఐదో రూపాన్ని చేర్చడానికి ఒక్క లైను చాలు. కాని ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఫారం కదలదు.

"మరింత మెరుగు కోసం" అని రాసి చెరిపాను. "ముందుజాగ్రత్తగా" అని రాసి చెరిపాను. "పాత పొరపాటు సవరణ" అని రాశాను, ఎవరి పొరపాటు అని అడుగుతారని చెరిపాను. సోమవారం తీరిగ్గా రాస్తాను.

మార్చి 15

సాయంత్రం బస్టాపులో మూతలావిడ నా కోసం నిలబడి ఉంది. రెండు బస్సులు వదిలేసుకుందట.

"బాబూ, నీ దగ్గర దాచడం ఎందుకు. నా నోట్లో నువ్వుగింజ నానదు. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ ఒక్కటీ మింగేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు."

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"మీ అక్క నా మొహం చూడట్లేదు. నువ్వా మెషీన్ల దగ్గరే కదా ఉంటావు. ఆ సంగతి ఎట్లా పొక్కిందో అందులో కనబడదా? కనబడితే ఒక్క ముక్క చెప్పు బాబూ. నాకు కాదు, దానికి చెప్పు."

"అవన్నీ మాకు కనబడవండీ," అన్నాను.

"కనబడవా," అంది. నా భుజం తట్టి, "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని మూడో బస్సు ఎక్కింది.

మార్చి 16

కనబడతాయి.

మార్చి 26

గోదాముకి వెళ్ళాను, పని కల్పించుకుని. కిటికీలు లేని పొడవాటి గది. చుట్టలు చుట్టలుగా లేబుళ్ళు. వాటి మీద అచ్చువేసిన తూకం అంకె కనబడేలా పేర్చి ఉన్నాయి. అక్క వేళ్ళకి జిగురు ఎండి తెల్లగా పొట్టు లేస్తోంది.

"ఇక్కడేం బాగానే ఉంది. తూచేదేం లేదు, లెక్కపెట్టడమే," అంది. తర్వాత, చుట్టు పక్కల ఎవరూ లేరని చూసుకుని, "అది ఎందుకు చెప్పిందో ఇప్పటికీ అర్థం కావట్లేదురా. నేను దానికేం తక్కువ చేశాను?" అంది.

చెప్పాలని నోరు తెరిచాను. "దుమ్ము ఎక్కువగా ఉంది, మాస్క్ పెట్టుకో," అన్నాను.

"నువ్వైనా ఉన్నావు. అది చాలు," అంది అక్క.

ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. అక్కకి ఒప్పందం ముగిశాక పంపితే బాగుంటుందేమో. ఇప్పుడు కదిపితే ఆవిడకే ఇబ్బంది. అలా ఆలోచించే ఆగాను గాని భయపడి కాదు.

ఏప్రిల్ 5

ఎనిమిదో మనిషి. ల్యాబ్‌లో గాజు సామాను కడిగే ఆవిడ. నా వారపు ఇరవైలోనే వచ్చింది. చేతి తొడుగులు ఇవ్వడం లేదనీ, యాసిడ్‌తో కడగమంటున్నారనీ, బ్యాచ్ నంబర్లతో సహా రాసింది. చివర "దయచేసి నా పేరు బయటపెట్టవద్దు" అని ఉంది.

నెల రోజుల కిందటే ఆ ఒక్క లైను చేర్చి ఉంటే ఇది నా ముందుకి వచ్చేది కాదు.

రూలు సరిగ్గా పట్టిందా? కాదు అని నొక్కితే ఎందుకు కాదో రాయాలి.

అవును నొక్కాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లికి కనీసం పాలైనా దక్కుతాయి.

ఏప్రిల్ 14, ఆదివారం

వరసగా రాస్తాను. ఏదీ దిద్దను.

భోజనాలయ్యాక అక్క టీ పెట్టింది. ఆవిడ మొహంలో చాలా రోజుల తర్వాత కొంచెం వెలుగు ఉంది. తూకం గదిలో తన తర్వాత వచ్చిన అమ్మాయితో కూడా అవే సంతకాలు పెట్టిస్తున్నారట. ఇప్పటికి ఇంకో రెండు బ్యాచ్‌లు.

"పోయేటప్పుడు ఇంకోసారి రాస్తాన్రా. ఈసారి ఎవరికీ చదివి వినిపించను. నా నోటితో నేనే చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"రాయి," అన్నాను. తర్వాత అన్నాను, "అయితే ఈసారి అడ్రస్ చేత్తో టైపు చెయ్యక్కా. నేను కాగితం మీద రాసిస్తాను, చూసి కొట్టు."

"సరే," అని కప్పు నోటి దాకా తీసుకెళ్ళింది. అక్కడే ఆపింది.

"అప్పుడు పుస్తకంలోంచి ఎంచుకోమన్నావు."

"అదీ మంచిదే."

"మంచిదైతే ఇప్పుడెందుకు వద్దంటున్నావు?"

ఇంతమంది మెయిళ్ళు చదివాను. ఒక్క మాట దగ్గర మనిషి ఎలా దొరికిపోతాడో నాకు తెలుసు. గుమ్మడికాయల దొంగ అనకముందే నా భుజాలు నేనే తడుముకున్నాను. ఏదో చెప్పబోయాను, సిస్టం అప్‌డేట్ అనో ఏదో. అక్క వినలేదు. కప్పు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, నా మొహంలోకి చూసింది. చెంచాని చూసే చూపు అది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మార్చి ఏడు."

తారీఖు అంత ఠక్కున చెప్పి ఉండకూడదు.

అక్క వేళ్ళ మీద జిగురు పొట్టు గిల్లుకుంటూ కూర్చుంది. మేనకోడలు పక్క గదిలో పాఠం పైకి చదువుతోంది. అది ఆగాక అక్క మూతలావిడ సంగతి ఎత్తింది.

"మార్చి ఇరవైన అది మా ఇంటికొచ్చింది. తలుపు కొట్టింది. నేను తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. లోపల గడియ పట్టుకుని నిలబడ్డాను, ఎక్కడ జాలిపడి తీస్తానో అని."

"అక్కా, తప్పు నాదే. నీకు ఎలా చెప్పాలో..."

"రూలులో తప్పు ఎవరైనా చేస్తారు. నేనూ ఎన్నోసార్లు తప్పు తూచాను. మళ్ళీ తూచాను." నా కప్పు వైపు చూసి, "టీ చల్లారిపోతోంది. తాగి వెళ్ళండి," అంది.

అండి. నాకు మాటలు నేర్పింది అక్క. చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది. ఎన్ని తిట్లు తిట్టినా ఏరా అనే తిట్టింది. కొట్టినా బాగుండేది.

టీ తాగాను. తాగి వెళ్ళమంది కదా.

ఏప్రిల్ 15

ఫారం పంపాను. కారణం గడిలో అంతా రాశాను. తప్పు నాదని, ఎప్పుడు తెలిసిందో, ఎన్నాళ్ళు దాచానో, ఎనిమిది మంది ఏ సెక్షన్ వాళ్ళో, పేర్లు లేకుండా. గడి చాలక వేరే కాగితం జతచేశాను. ఉద్యోగం పోతే పోనీ. మూతలావిడ కోసం వాళ్ళ సెక్షన్‌కి వెళ్ళి ఆవిడకి కూడా చెప్పాను. బెల్టు మీద సీసాలు పోతున్నాయి, ఆవిడ చేతులు ఆగలేదు. "సరే బాబూ," అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 18

చుక్కల సార్ పిలిచాడు. తలుపు వేశాడు. తిడతాడనుకుని నిలబడ్డాను. కూర్చోమన్నాడు.

"ఎందుకయ్యా ఇంత పెద్ద కథ రాశావు? రూలు బాగానే పనిచేస్తోందిగా."

"ఐదో రూపం పట్టట్లేదు సార్. మినహాయింపు..."

"తెలుసు. ఫిబ్రవరిలోనే ల్యాబ్ పెద్దాయన అడిగాడు, ఇది నా ట్రేలోకి ఎట్లా వచ్చిందీ అని. చూసి చెప్పాను. సరిచేయమంటారా అంటే, అలానే ఉండనీ అన్నాడు." ఆయన నా ఫారంలో ఏదో చుక్కని గోటితో గీకాడు. "ఇందులో నీ తప్పని ఎవరూ అనట్లేదు. ఇది వెనక్కి తీసుకుంటే మంచిది."

"తీసుకోను సార్."

"సరే, తీసుకోకు. నేను మూసేస్తాను." మూసేశాడు. అవసరం లేదు, అని రెండు మాటలు. నేను కుర్చీలోంచి లేవకముందే.

"కాదు అని నొక్కాలని కూడా చూడకు. అవి తిరిగి నా దగ్గరికే వస్తాయి, నేను అవును చెయ్యాలి. ఇద్దరికీ పని ఎందుకు?"

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. మార్చి ఏడున చెప్పినా ఇంతే జరిగేదన్నమాట. ఒక్క క్షణం గుండె తేలికైంది. అంతకన్నా నీచమైన క్షణం నా బతుకులో ఇంకోటి లేదు. మార్చి ఏడున చెప్పి ఉంటే రూలు మారేది కాదు. మార్చి ఇరవైన తలుపు తెరుచుకునేది.

ఏప్రిల్ 21

ఆదివారం. వెళ్ళలేదు. మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ మూతల ఆంటీ వాళ్ళింటికి వెళ్ళొచ్చింది."

"ఏమందట ఆంటీ?"

"మంచినీళ్ళిచ్చిందట. ఎండలు ఎక్కువగా ఉన్నాయందట." గొంతు తగ్గించి, "కూర్చోమనలేదట," అంది.

ఏప్రిల్ 24

ఏం రాయను.

ఏప్రిల్ 30

అక్క ఆఖరి రోజు. గేటు దగ్గర నిలబడదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని నిలబడను. బల్ల దగ్గరే ఉన్నాను.

నాలుగూ యాభై ఐదుకి నా ఇరవైలో పద్దెనిమిదోది తెరుచుకుంది. పంపిన సమయం 4:31. ఎవరికి అన్న చోట కంపెనీ, గీత, విభాగం, గీత, పెట్టె. ఐదో రూపం. పుస్తకంలోంచి ఎంచుకుని పంపింది.

అచ్చు తప్పులున్నాయి. ఒక వేలితో కొట్టింది కదా. ఐదు బ్యాచ్‌ల నంబర్లు, తూచిన తూకం ఎంత, రాయించిన తూకం ఎంత, ఏ రోజు, ఎవరు రాయించారు, అన్నీ ఉన్నాయి. తన సంతకాలు ఏవి అబద్ధమో కూడా వరసగా రాసింది. వెనకటి సంగతి బయటపెట్టింది మూతల సెక్షన్ మనిషి కాదనీ, ఆవిడని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాననీ రాసింది. కింద పేరు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

దాని కింద ఇంకో రెండు వాక్యాలు.

"ఇది ఎవరెవరి కళ్ళబడుతుందో తెలిసే పంపుతున్నాను. పంపే పద్ధతి మా తమ్ముడు నేర్పాడు."

నా గురించి రాసిన చోట ఒక్క అచ్చు తప్పు కూడా లేదు. నాలుగు సార్లు చదివాను.

అడుగున ఎప్పటి ప్రశ్నే. రూలు సరిగ్గా పట్టిందా?

కిటికీలోంచి గేటు కనబడుతుంది. ఐదు గంటల షిఫ్టు బయటికి వస్తోంది. అందులో అక్క ఎక్కడుందో ఇంత దూరం నుంచి తెలియలేదు.

అవును నొక్కాను. పంతొమ్మిదోది తెరుచుకుంది.